బాల్కనీ అంటే చవక సీటు: సంగీత నాటకంలో మంచి చోటు ఎక్కడ ఉంటుంది?

మా పిన్ని న్యూజెర్సీలో కొడుకు దగ్గరకు వెళ్ళినప్పుడు, వాడు ఆమెను న్యూయార్క్ తీసుకువెళ్ళి ఒక సంగీత నాటకం చూపించాలనుకున్నాడు. "బాల్కనీ టికెట్టు తీశాడురా" అని ఆమె ముందురోజే ఫోను చేసి చెప్పింది. గొంతులో గర్వం దాగలేదు. గుంటూరులో ఆమె చదువుకున్న రోజుల్లో బాల్కనీ అంటే మెత్తటి కుర్చీ, నెత్తిమీద ఫ్యాను, కింద నేల టికెట్టు వాళ్ళ ఈలలు వింటూ హుందాగా కూర్చోవడం. నాటకం చూసి వచ్చాక చేసిన ఫోనులో ఆ గర్వం లేదు. లిఫ్టు లేదట. ఆగి ఆగి మెట్లెక్కిందట. కూర్చుంటే మోకాళ్ళు ముందు కుర్చీకి ఆనుకున్నాయట. ఇక వేదిక మీద మనుషులా? "పెసరగింజలు పాడుతున్నట్టుందిరా."

తమ్ముడు పిసినారితనం చూపలేదు. బాల్కనీ అనే మాటను వాడూ మన సినిమా హాలు అర్థంలోనే తీసుకున్నాడు. ఇలా పొరబడే అవకాశం ఇప్పుడు అమెరికా వెళ్ళినవారికే పరిమితం కాదు. 2023 మార్చిలో ముంబయిలోని నీతా ముకేశ్ అంబానీ సాంస్కృతిక కేంద్రంలో రెండు వేల సీట్ల గ్రాండ్ థియేటర్ తెరుచుకుంది. ఆ మే నెలలో 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్', 2025 మార్చిలో 'ద ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' అక్కడికి వచ్చాయి. హైదరాబాదు నుంచి విమానం ఎక్కి వెళ్ళి చూసేవారికి టికెట్టు కొనేటప్పుడు తెర మీద కనిపించేది రంగురంగుల చుక్కల పటం. ఒక్కో చుక్క ఒక్కో ధర. ఏ చుక్క దగ్గర కూర్చుంటే ఏం కనిపిస్తుందో, ఏం వినిపిస్తుందో మాత్రం ఆ పటంలో ఉండదు.

సినిమా హాలు లెక్క ఇక్కడ ఎందుకు చెల్లదు

ముందు ఒక మాట. మ్యూజికల్ అంటే మాట, పాట, నాట్యం కలిపి కథ నడిపే నాటకం. నటులు అక్కడికక్కడే పాడతారు, వాద్యబృందం అక్కడికక్కడే వాయిస్తుంది. హార్మోనియం శ్రుతి మీద పద్యం ఎత్తుకునే మన పద్యనాటకానికి ఇది దూరపు చుట్టం. వేదిక మీద ఉన్నది బొమ్మ కాదు, అయిదారు అడుగుల మనిషి. సీటు గురించిన చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

చేతిని పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి చూడండి. సినిమా తెర మీద దగ్గరి షాటులో ముఖం అయిదు మీటర్ల ఎత్తు ఉంటుందనుకుందాం. ఇరవై మీటర్ల దూరం నుంచి చూసినా ఆ ముఖం చాచిన చేతి దగ్గర దాదాపు అరచేయంత కనిపిస్తుంది. అదే వేదిక మీది మనిషి ముఖం సుమారు 23 సెంటీమీటర్లు. అయిదు మీటర్ల దూరం నుంచి అది రూపాయి బిళ్ళంత. పది మీటర్ల నుంచి చింతగింజంత. ఇరవై అయిదు మీటర్ల నుంచి అర సెంటీమీటరు, అంటే పిన్ని చెప్పిన పెసరగింజే. ఆవిడ కవిత్వం చెప్పలేదు, కొలిచినంత పని చేసింది.

సినిమాలో కెమెరా మన బదులు ముందుకు వెళుతుంది, కాబట్టి వెనక కూర్చున్నవాడికి నష్టం లేదు. పైగా తెరకు మరీ దగ్గరైతే మెడ నొప్పి, బొమ్మ సాగినట్టు కనిపించడం. అందుకే మన హాళ్ళలో ముందు నేల, వెనక బెంచి, ఆ వెనక కుర్చీ, పైన బాల్కనీ అని ధర పెరుగుతూ పోయింది. నాటకంలో మన బదులు ముందుకు వెళ్ళేవారు ఎవరూ లేరు. అందుకే ధరల నిచ్చెన తిరగబడింది: నేలకు ఎక్కువ, పై అంతస్తుకు తక్కువ.

లండన్‌లోనూ ఒకప్పుడు నేల టికెట్టే

అయితే అక్కడ ఎప్పుడూ ఇలాగే ఉండేదనుకుంటే పొరపాటు. 1599లో లండన్‌లో కట్టిన గ్లోబ్ నాటకశాలలో ఒక్క పెన్నీ ఇస్తే వేదిక ముందు ఆరుబయట నేలమీద నిలబడి చూడవచ్చు. ఇంకో పెన్నీ ఇస్తే పైకప్పు కింద గ్యాలరీలో కూర్చోవచ్చు. అంటే మన నేల, బాల్కనీ పద్ధతే. దానికి నమూనాగా కట్టి 1997లో తెరిచిన కొత్త గ్లోబ్‌లో ఇప్పటికీ నిలబడి చూసేవారికే చవక టికెట్టు. తర్వాతి శతాబ్దాల్లో నేల భాగానికి పిట్ అని పేరు వచ్చింది. అందులో బల్లలు వేశారు. కలవారు చుట్టూ బాక్సుల్లో, అంటే గోడల వెంట విడిగా కట్టిన చిన్న గదుల్లాంటి చోట్ల, కూర్చునేవారు.

పంతొమ్మిదో శతాబ్దంలో నాటకశాల యజమానులకు ఒక సంగతి బోధపడింది. అన్నిటికన్నా బాగా కనిపించే చోటును అన్నిటికన్నా చవకగా అమ్ముతున్నారు. వేదిక దగ్గరి వరుసల్లో మెత్తటి కుర్చీలు వేసి, స్టాల్స్ అని పేరు పెట్టి, ధర పెంచుతూ పిట్‌ను వెనక్కి నెట్టారు. 1880లో లండన్‌లోని హేమార్కెట్ థియేటర్‌ను నడిపిన బాన్‌క్రాఫ్ట్ దంపతులు అక్కడ పిట్‌ను పూర్తిగా ఎత్తేశారు. మొదటి రాత్రి "పిట్ ఏదీ?" అంటూ జనం నాటకం మొదలుకాకుండా గోల చేశారు. గోల ఆగిపోయింది, పిట్ మాత్రం తిరిగి రాలేదు. నేల ప్రేక్షకుడు పైకప్పు దగ్గరి గ్యాలరీకి చేరాడు. దేవుళ్ళకు దగ్గరగా ఉంటుందని ఆ చోటును ఇంగ్లీషువాళ్ళు వేళాకోళంగా 'గాడ్స్' అంటారు.

పై అంతస్తు వాళ్ళకు ప్రధాన ద్వారం కూడా ఉండేది కాదు, పక్క సందులోంచి వేరే మెట్లు. న్యూయార్క్‌లో 1925లో రిచర్డ్ రోడ్జర్స్ థియేటర్‌ను, అప్పట్లో దాని పేరు వేరు, కట్టించిన ఇర్విన్ చానిన్‌కు ఈ వివక్ష నచ్చలేదు. చవక టికెట్టు వాడూ ఖరీదు టికెట్టు వాడూ ఒకే గుమ్మంలోంచి నడిచేలా, నేల వరుసలు కొండవాలులా పైకి లేచేలా కట్టించాడు. అమెరికా తొలి ఆర్థికమంత్రి కథ చెప్పే మ్యూజికల్ 'హామిల్టన్' 2015 నుంచి ఆడుతున్నది ఆ హాలులోనే.

అంతస్తుల పేర్లు, అంకెల తికమక

లండన్‌లో నేల భాగం స్టాల్స్. దానిపైన డ్రెస్ సర్కిల్, ఆపైన అప్పర్ లేదా గ్రాండ్ సర్కిల్, అన్నిటికన్నా పైన బాల్కనీ లేదా గ్యాలరీ. న్యూయార్క్‌లో నేల భాగాన్ని ఆర్కెస్ట్రా అంటారు. వాద్యబృందం కూర్చునేది అక్కడ కాదు, వేదిక ముందు గోతిలో. మొదటి మేడ మెజనీన్. ఇంకో మేడ ఉంటే బాల్కనీ. ఇలా ఊరికో పేరు. కాబట్టి పేరు కన్నా, ఆ భాగం ఏ అంతస్తులో ఉందన్నదే అసలు సమాచారం.

అంకెలకు వస్తే న్యూయార్క్ పద్ధతి కొత్తవారిని బాగా ఇబ్బంది పెడుతుంది. చాలా థియేటర్లలో ఎడమ భాగానికి బేసి సంఖ్యలు, కుడి భాగానికి సరి సంఖ్యలు, నడిమి భాగానికి 101 నుంచి వరుస సంఖ్యలు. అంటే 1, 3 పక్కపక్కన ఉంటాయి. 1, 2 తీసుకున్న దంపతులు మాత్రం మధ్య భాగమంతా దాటి ఒకరికొకరు చేయి ఊపుకోవాలి. 21 అంటే 1 కన్నా మెరుగైన సీటు కాదు, గోడకు మరింత దగ్గర.  వరుసలకు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు పెడతారు, ఏ వరుస ముందుంటుందో ఏబీసీలు తెలిసినవారికి తెలుసు. కానీ గోతి మీద అదనపు కుర్చీలు వేసినప్పుడు 'ఏ' కన్నా ముందు 'ఏఏ', 'బీబీ' అనే వరుసలు రావచ్చు.

మేడ మీదికి వెళితే దూరం ఎంత పెరుగుతుంది

పైన అంటే దూరం అని అందరూ అనుకుంటారు. లెక్క వేస్తే అంత కాదు. మొదటి మేడ ముందు వరుస వేదిక అంచుకు నేలమట్టాన 14 మీటర్ల దూరంలో, వేదిక కన్నా 5 మీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. పాఠశాలలో చదివిన పైథాగరస్ ఇప్పుడు పనికొస్తాడు. 14 వర్గం 196, 5 వర్గం 25, మొత్తం 221, దాని వర్గమూలం 14.9. అయిదు మీటర్లు పైకి వెళ్ళినందుకు పోయింది ఒక మీటరు కూడా కాదు. చూపు కిందికి వంగే కోణం ఇరవై డిగ్రీలు, అంటే నటుల ముఖాలే కనిపిస్తాయి, నడినెత్తులు కావు.

రెండో మేడ వెనక భాగానికి వెళదాం. నేలమట్టాన 22 మీటర్లు, ఎత్తు 11 మీటర్లు అయితే అసలు దూరం 24.6 మీటర్లు. నాటకశాలలు కట్టే వాస్తుశిల్పులు ముఖకవళికలు తెలియడానికి సుమారు 20 మీటర్లను హద్దుగా పెట్టుకుంటారు. మొదటి మేడ ముందు వరుస ఆ హద్దుకు లోపల, రెండో మేడ బయట. మేడ అనే ఒక్క మాటలో ఈ రెండూ ఇమిడిపోవడమే పిన్ని చేసిన ఫిర్యాదుకు మూలం.

తలలు, పైకప్పు, పక్కగోడలు

చూపుకు మొదటి అడ్డు ముందున్న తల. కళ్ళ నుంచి నడినెత్తికి సుమారు 12 సెంటీమీటర్లు. హాలు నేల చదునుగా ఉండి, వరుసల మధ్య దూరం 90 సెంటీమీటర్లు, వేదిక ఎత్తు ఒక మీటరు, కూర్చున్నవారి కంటి ఎత్తు 1.15 మీటర్లు అనుకోండి. మీ ఎత్తే ఉన్న మనిషి సరిగ్గా మీ ముందు కూర్చున్నాడు. అతని తల మీదుగా సాగే చూపు పది మీటర్ల అవతల వేదిక దగ్గరికి చేరేసరికి దాదాపు రెండున్నర మీటర్ల ఎత్తుకు లేస్తుంది. అంటే నటుడి పాదాల నుంచి సుమారు 1.48 మీటర్ల దాకా మీకు కనిపించదు. మెడ పైభాగమే నాటకం. కల్యాణమండపంలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి నాటకం ఆడించినప్పుడు వెనకవాళ్ళు లేచి నిలబడటానికి కారణం ఉత్సాహం కాదు, ఈ త్రికోణం.

నేలకు వాలు ఇవ్వడం, ఒక వరుస కుర్చీలను ముందు వరుసలోని ఖాళీలకు ఎదురుగా జరపడం దీనికి విరుగుడు. పాత హాళ్ళలో నేల భాగపు వాలు తక్కువ, మేడల వాలు నిటారు. అందుకే పిల్లలకూ పొట్టివారికీ నేల మధ్య వరుసల కన్నా మేడ ముందు వరుస మేలు కావచ్చు. చాలాచోట్ల పిల్లలకు ఎత్తు దిండ్లు ఇస్తారు. కాకపోతే ఆ దిండు వెనక వాడికి శాపం. మేడ మొదటి వరుసలో కూడా ఒక చిక్కుంది. పడిపోకుండా కట్టిన కడ్డీ కొందరికి సరిగ్గా కంటి ఎత్తులో వస్తుంది.

రెండో అడ్డు నెత్తిమీది మేడ. నేల భాగపు చివరి వరుసల మీద మేడ చూరులా వంగి ఉంటుంది. నటులు కనిపిస్తారు, వేదిక పైభాగం కనిపించదు. నాటకాన్ని బట్టి ఇది చిన్న లోపమో పెద్ద నష్టమో అవుతుంది. 'ఫాంటమ్'లో మొదటి అంకం చివర ప్రేక్షకుల తలల మీదుగా జారి వేదిక మీద పడే దీపాల గుత్తి ఆ నాటకానికి గుర్తు. 1988 నుంచి 2023 దాకా న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌లో 13,981 సార్లు అది పడింది. చూరు కింద కూర్చున్నవారికి పైన ఏదో జరిగిందని, తలెత్తి చూస్తున్నవారిని చూసి తెలుస్తుంది.

మూడోది పక్క చూపు. వేదిక ముందు చట్రం 12 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. చట్రానికి 8 మీటర్ల వెనక, మధ్య గీతకు 9 మీటర్లు ఎడమగా కూర్చున్నారు. చట్రం ఎడమ అంచు మీ చూపును కోస్తుంది. వేదిక లోపల 8 మీటర్ల లోతులో, ఎడమవైపు 3 మీటర్ల మేర మీకు కనిపించదు. పన్నెండులో మూడు, అంటే పావు వంతు. అదే గోడకు ఆనుకున్న బాక్సులో, చట్రానికి 2 మీటర్ల వెనక, మధ్య నుంచి 8 మీటర్ల పక్కన కూర్చుంటే అదే లోతులో 8 మీటర్లు మాయం. మూడింట రెండు వంతులు. మరి రాజులూ రాణులూ బాక్సుల్లో ఎందుకు కూర్చున్నారంటే, వాళ్ళు చూడటానికి కాదు, కనిపించడానికి వచ్చారు.

కొన్ని సీట్ల మీద 'రిస్ట్రిక్టెడ్ వ్యూ' అని రాసి తక్కువకు అమ్ముతారు. స్తంభం అడ్డొచ్చే సీటుకూ, వేదిక మూల కాస్త కనిపించని సీటుకూ ఒకే ముద్ర. రెండోది చాలాసార్లు మంచి బేరమే.

ముందు వరుసవారు, మేడవారు

నాటకప్రియుల్లో రెండు పక్షాలున్నాయి. ముందు వరుసవారు అంటారు: "ప్రత్యక్షంగా చూడటానికి వచ్చి దూరంగా కూర్చోవడం దేనికి? చెమట చుక్క, వణికే పెదవి, పాట ఎత్తుకునే ముందు పీల్చిన గాలి, ఇవి కనిపించకపోతే ఇంట్లో వీడియో చూసినట్టే." ఇందులో నిజముంది. మరీ మొదటి రెండు వరుసల్లో పాదాలు కనిపించకపోవచ్చు, మెడ ఎత్తి ఉంచాలి, ఒకవైపు చూస్తుంటే ఇంకోవైపు జరిగింది తప్పిపోతుంది. అయినా వాళ్ళకు అభ్యంతరం లేదు.

మేడవారి జవాబు వేరు. మ్యూజికల్ ఒక్క నటుడి ముఖం కాదు, ముప్పై మంది గీసే ముగ్గు. 'హామిల్టన్' వేదిక నేలలో ఒకదానిలో ఒకటిగా రెండు తిరిగే చక్రాలున్నాయి. మనుషులు నిలబడే ఉండి కదులుతారు, ఎదురెదురుగా సుడి తిరుగుతారు. దీపాల వెలుగు నేల మీద ఆకారాలు గీస్తుంది. మూడో వరుసలో కూర్చున్నవాడికి అవన్నీ కాళ్ళ వరుసలే, మేడ మీదివాడికి ముగ్గు. ముగ్గును గుమ్మంలో కూర్చుని చూస్తామా, అరుగు ఎక్కి చూస్తామా అన్నది వాళ్ళ ప్రశ్న.

నాకైతే మొదటిసారి చూసేవాడికి మేడవారి మాటే సరిపోతుందనిపిస్తుంది. కథ తెలిసి, పాటలు నోటికి వచ్చి, ఫలానా నటి కోసం వెళ్ళేవాడు ముందుకే వెళ్ళాలి. కానీ ఇది అన్ని నాటకాలకూ ఒకేలా వర్తించదు. ఇద్దరు ముగ్గురు పాత్రలతో గదిలో నడిచే కథకు ముగ్గు ఏముంటుంది? 'ద లయన్ కింగ్' మొదటి పాటలో ఏనుగు సహా జంతువులు ప్రేక్షకుల మధ్య నడవల్లోంచి వేదిక మీదికి వస్తాయి. ఆ అయిదు నిమిషాలకు నేల భాగంలో నడవ పక్క సీటును మించింది లేదు. మంచి సీటు హాలుకు చెందిన గుణం కాదు, ఆ హాలులో ఆడుతున్న నాటకానికి చెందినది. సీట్ల పటాలు ఈ సంగతినే దాచిపెడతాయి.

చెవికి మంచి చోటు కంటికి మంచి చోటేనా

అన్నిసార్లూ కాదు. ఈనాటి మ్యూజికళ్ళలో నటుల జుట్టులోనో నుదుటి అంచునో చిన్న మైకులు దాగి ఉంటాయి. గొంతులు, వాద్యాలు అన్నీ ఒక బల్ల దగ్గరికి చేరి, కలిసి, స్పీకర్లలోంచి వస్తాయి. ఆ బల్ల సాధారణంగా నేల భాగం వెనక వైపున ఉంటుంది. అక్కడ కూర్చున్న మనిషి తన చెవికి ఇంపుగా ఉండేలా కలుపుతాడు కాబట్టి, అతని ముందు వరుసల్లో పాట సమతూకంగా వినిపిస్తుంది. కంటికి అవి మధ్యరకం సీట్లు, చెవికి ఉత్తమం.

ముందు వరుసలో గోతిలోని డ్రమ్మో బాకాయో గొంతును మింగేయవచ్చు. పద్యనాటకంలో వేదిక పక్కనే కూర్చున్నవారికి రాగాలాపన కన్నా హార్మోనియం తిత్తుల శబ్దమే ఎక్కువ వినిపించినట్టు. వెనక చూరు కింద శబ్దం దిండులోంచి వచ్చినట్టు మొద్దుబారుతుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల దూరానికి సెకనులో పదో వంతు ఆలస్యం. అందుకే చూరు కింద చిన్న స్పీకర్లు పెట్టి, వాటి శబ్దాన్ని ఆ మేరకు కావాలని ఆలస్యం చేస్తారు. పాట పక్క గోడలోంచి కాక వేదిక మీది నోట్లోంచే వస్తున్నట్టు అనిపిస్తుంది. ఈ ఏర్పాటు బాగా ఉన్న కొత్త హాలులో చూరు కింది సీటుకు చెడ్డపేరు అన్యాయం. పాత హాలులో న్యాయమే.

ధర చెప్పేది, చెప్పనిది

ధర ఎక్కువైతే సీటు మంచిదని లెక్క. 2001లో 'ద ప్రొడ్యూసర్స్' నాటకం కొన్ని సీట్లను 480 డాలర్లకు అమ్మి న్యూయార్క్‌ను నివ్వెరపరిచింది. ఆనాటి వాదన సూటిగా ఉంది: ఎలాగూ నల్లబజారులో అంత పలుకుతోంది, ఆ డబ్బు దళారికి కాక నాటకానికే రానీ. ఆ తర్వాత గిరాకీని బట్టి రోజుకో ధర మారే పద్ధతి స్థిరపడింది. విమాన టికెట్టులాగే ఇప్పుడు ధర సీటు గురించి ఎంత చెబుతుందో, శనివారం గురించి కూడా అంతే చెబుతుంది.

ఇంకోవైపు 1996లో వచ్చిన 'రెంట్' మొదటి రెండు వరుసలను ఇరవై డాలర్లకే ఇచ్చింది. ఎవరి గురించి ఆ కథ నడుస్తుందో, ఆ డబ్బులేని కుర్రాళ్ళు చూడాలని. కుర్రాళ్ళు రాత్రుళ్ళు వీధిలో పడుకుని వరుస కట్టడంతో లాటరీ పెట్టారు. 'హామిల్టన్' ముందు వరుసను లాటరీలో పది డాలర్లకు ఇచ్చింది, ఆ నోటు మీద ఉన్నది హామిల్టన్ బొమ్మే కదా. చుట్టూ తిరిగి నేల టికెట్టు మళ్ళీ వేదిక ముందుకే చేరిందన్నమాట. అదే హాలులో నాలుగు వరుసల వెనక వందల డాలర్లు, ముందు పది. టైమ్స్ స్క్వేర్‌లో 1973 నుంచి ఉన్న టీకేటీఎస్ కిటికీలో అదేరోజు మిగిలిన టికెట్లు సగం దాకా తగ్గించిన ధరకు దొరుకుతాయి, కానీ ఏ సీటు వస్తుందన్నది మన చేతిలో ఉండదు.

సురభి ముందు ఎక్కడ కూర్చోవాలి

ఈ లెక్కలన్నీ పరదేశానివని అనుకోనక్కరలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటకాలు ఇప్పటికీ మన మధ్య ఆడుతున్నాయి. రంగులు వేసిన తెరలు, గాలిలోంచి దిగే నారదుడు, ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పులు రాల్చే బాణాలు, మంటలు, వాన. 'మాయాబజార్', 'పాతాళభైరవి' చూసినవారికి ఇవి కొత్త కావు.

ఈ మాయలన్నీ ఎదురుగా కూర్చున్నవాడి కంటికి తూచి కట్టినవి. తెరలు ఒకదాని వెనక ఒకటి వేలాడి, మధ్య నుంచి చూస్తే రాజభవనపు వసారా లోపలికి పోతున్నట్టు ఉంటుంది. పక్క నుంచి చూస్తే తెరకూ తెరకూ మధ్య నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే సైనికుడు కనిపిస్తాడు. మొదటి వరుసలో బాణాన్ని నడిపే తాడు మెరుస్తుంది. ఏడెనిమిది వరుసలు వెనక్కి వెళితే తాడు మాయమై బాణం ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ దూరం లోపం కాదు, మాయలో భాగం. అయితే పిల్లవాడిగా ఉన్నప్పుడు నేను ఎప్పుడూ మొదటి వరుసలోనే, చాప మీద కూర్చునేవాణ్ణి. తాడు కనిపించేది. దాన్ని పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషి చెయ్యి కనిపించేది. అది నాకు బాణం కన్నా గొప్పగా ఉండేది. ఆ లెక్కన 'మంచి సీటు' మాట మీద నా తీర్పుకు విలువ కాస్త తగ్గించుకోండి.

ఒక కుటుంబం, నాలుగు సీట్లు

రెండోసారి తమ్ముడు జాగ్రత్తపడ్డాడు. ఈసారి 'ద లయన్ కింగ్'. నలుగురు: మోకాళ్ళ నొప్పుల పిన్ని, ఎనిమిదేళ్ళ మనవడు, తమ్ముడు, మరదలు. చేతిలో ఉన్న డబ్బుకు మూడు దారులు కనిపించాయి. నేల భాగం వెనక మధ్యలో నాలుగు సీట్లు ఒక్కచోట: పాట బాగుంటుంది, ముఖాలు చిన్నవి, ముందు తలల వల్ల పిల్లవాడికి కష్టం. మొదటి మేడ ముందు మధ్యలో నాలుగు: అందరికీ అంతా కనిపిస్తుంది, కానీ ఏనుగు పక్కనుంచి పోదు. మూడోది, కుటుంబాన్ని విడదీయడం: నేల భాగంలో నడవ పక్కన రెండు, పైన రెండు.

వాళ్ళు మూడోదే తీసుకున్నారు. పిన్ని మనవడితో కింద, నడవ అంచున. దంపతులు పైన. తిరిగి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు, ఇంటికి వెళ్ళే రైల్లో నలుగురూ నాలుగు నాటకాలు చెప్పుకున్నారట. తమ్ముడికి అడవిదున్నల తొక్కిసలాటలో వెనక చిన్నవి, ముందు పెద్దవి వరుసలు వరుసలుగా దూసుకురావడం తప్ప ఇంకేం గుర్తు లేదు. కింద పక్కగా కూర్చున్న పిన్నికి ఆ వరుసలు అంత బాగా కుదరలేదు. ఆమెకు దాని మీద ధ్యాస కూడా లేదు. నాతో ఫోనులో ఆమె మొదట చెప్పింది ఇది: "ఏనుగు నన్ను రాసుకుంటూ పోయిందిరా. ఒక్కో కాలులో ఒక్కో మనిషి. నా పక్కకొచ్చిన కాలులో ఆడపిల్ల ఉంది. నన్ను చూసి నవ్వింది."